వేట సంచిలో తొమ్మిదో వస్తువు

4 నవంబర్ 1994, శుక్రవారం. బహ్లా, మస్కట్ దేశం.

మూడో మేక కూడా పోయింది. దొడ్డి దగ్గర ఇసుకలో ఈడ్చుకుపోయిన గీత ఉంది, పక్కనే అడుగులున్నాయి. మా తోట పికప్ నడిపే ఫజల్ చూసి కుక్క అన్నాడు. కడప టౌనులో పుట్టినవాడికి కుక్కలే తెలుసు. ఇది తోడేలు. అడుగు పొడుగ్గా ఉంది, మధ్య రెండు గోళ్ళు బాగా ముందుకు దిగాయి. తెలిసినా నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా, అది నా ఒంట్లో లేదు. అర్బాబు ముందు చేతులు నేలకు ఆనించి, తోడేలు ఎలా నడుస్తుందో నడిచి చూపించాను. ఆయన, డెబ్భై ఏళ్ళ సాలెం బిన్ హమద్, ఈ ఖర్జూరం తోటకు యజమాని, నవ్వకుండా చూశాడు. తర్వాత ఫజల్ వైపు తిరిగి ఏదో అడిగాడు.

"ఇదంతా యాడ నేర్చుకున్యావని అడుగుతాండాడప్పా" అన్నాడు ఫజల్.

మా బావ రాజలింగు వేటగాడని, ఖానాపూర్ అడవిలో ఆయన వెనక సంచి మోసినవాణ్ణని చెప్పాను. ఏం తుపాకి అని అడిగాడు. బర్మార్ అన్నాను. ఫజల్‌కు ఆ మాట తెలియదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, పీచు కుక్కి, గుండు వేసి, ఇనుప గజంతో దట్టించే తుపాకి అని చేతులతో అభినయించాను. అర్బాబు లేచి నా చెయ్యి పట్టుకుని అతిథులు కూర్చునే మజ్లిస్ గదికి తీసుకెళ్ళాడు. గోడ మీద వెండి కట్లు వేసిన పొడుగాటి తుపాకి. ఆరేళ్ళుగా ఆ గది తివాచీలు దులుపుతున్నాను, దాన్ని కళ్ళతోనే తప్ప చూడలేదు. దాని పేరు అబూ ఫతీలా అట. బర్మార్‌లా మందుటోపీ పెట్టి కొట్టేది కాదు, ఒత్తి అంటించి పేల్చేది.

నమాజు తర్వాత అర్బాబు పినతండ్రి కొడుకు కహ్వాకు, అంటే అరబ్బీ కాఫీకి వచ్చాడు. తోడేలు సంగతి విని, గోడ వైపు చూసి, దానికిక కహ్వా గిన్నెలు తగిలించుకోవచ్చులే అన్నాడట. గదిలో అందరూ నవ్వారు. అర్బాబు మాత్రం గిన్నె కింద పెట్టి, వచ్చే శుక్రవారం కాదు, ఆ పై శుక్రవారం ఆ తోడేలును దీంతోనే కొడతానన్నాడు.

5 నవంబర్

పొద్దున్నే పిలుపు. మీ బావ వేటకు ఏమేం పట్టుకెళ్ళేవాడో చెప్పు అన్నాడు అర్బాబు. ఆయన వేటకు వెళ్ళి నలభై ఏళ్ళు దాటిందట. సంచి ఉంది గానీ అందులో ఏవి ఉండాలో, ఏవి లేవో గుర్తులేదట. ఇంతవరకు నన్ను ఎవరూ ఇలాంటిది అడగలేదు. పాదు తవ్వు, నీళ్ళు మళ్ళించు, గెలలు దించు అన్నవాళ్ళే. ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాను. మందుకొమ్ము. మందు కొలిచే గొట్టం, మా బావది వెదురుది. సీసపు గుండ్లు. పీచు, మాకు కొబ్బరిది. గజం. టోపీల డబ్బీ. టోపీ కింది రంధ్రం పొడవడానికి చీపురుపుల్లలు, ఒకటి విరిగితే ఒకటి. నూనెగుడ్డ. ఫజల్ ఒక్కోటీ అరబ్బీలో చెబుతుంటే అర్బాబు తల ఊపుతున్నాడు.

అక్కడితో ఆగిపోయాను. మా బావ ఎప్పుడూ సంచి భుజాన వేసుకునే ముందు "తొమ్మిదున్నయారా?" అనేవాడు. ఉన్నయి బావా అనేవాణ్ణి. నేను చెప్పినవి ఎనిమిదే. రొట్టె, ఉల్లిగడ్డ, బీడీలు లెక్కలోకి రావు, అవి కడుపుకు. తొమ్మిదోది ఏమిటో గుర్తు రావడం లేదు.

6 నవంబర్

ఎనిమిదే.

8 నవంబర్

ఈ రోజు అర్బాబు సంచి విప్పాడు. నేను పాదు తవ్వుతుంటే ఫజల్ వచ్చి పిలిచాడు. పార అక్కడే పడేసి పరుగెత్తాను. కాళ్ళకు బురదతో మజ్లిస్ గడప దగ్గరే కూర్చోబెట్టారు.

ఆయన తండ్రి వాడిన మేకతోలు సంచి, ఎండిపోయి తలుపు చెక్కలా ఉంది. ఒక్కో వస్తువు తీసి చాప మీద పెడుతుంటే నా మెడ నాకు తెలియకుండానే ముందుకు సాగుతోంది. మందుకొమ్ము కొండమేకది, వంకర తిరిగి, మూతకు వెండి బిళ్ళ. మా బావది దున్నపోతు కొమ్ము, మూతకు గుడ్డ. కొలత గొట్టం ఇత్తడిది. పీచు మాత్రం ఖర్జూరం మట్టల దగ్గర పుట్టేది, నేను రోజూ చెట్టెక్కి గీకి పారేసేదే. ఆరేళ్ళు పారేశాను దాన్ని! చీపురుపుల్ల బదులు గొలుసు కట్టిన ఇనుప సూది. ఒత్తి ఉండచుట్ట. చెకుముకి రాయి. గుండ్లు పోసే అచ్చు, దాని రెండు చెక్కలూ కరిచిపట్టుకుపోయాయి, నూనె వేసి నేనే విడదీశాను. ఎక్కడో అడవిలో మా బావా, ఇక్కడ ఈ రాళ్ళ కొండల్లో ఈయన తండ్రీ ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఒకే సంచి కట్టుకున్నారు. పనివాణ్ణన్న సంగతి మరిచిపోయి గట్టిగా నవ్వాను. అర్బాబు కూడా నవ్వాడు.

ఒక్క వస్తువు మాత్రం ఇద్దరికీ తెలియలేదు. వేలెడంత ఇనుప ముక్క, ఒక వైపు గజానికి బిగించే మర, రెండో వైపు మెలితిరిగిన రెండు కొనలు. మా బావ దగ్గర ఇలాంటిది లేదు. ఏమిటని అడిగాను. తండ్రిదట, ఎందుకో ఆయనకూ తెలియదట. ముల్లు తీయడానికేమో అన్నాడు ఫజల్. ఏనుగు కాల్లో గుచ్చుకున్న ముల్లయితే సరే.

తోటలోకి వచ్చాక కూడా దాని గురించే ఆలోచించాను. నీళ్ళు పక్క మడిలోకి పోయాయి.

9 నవంబర్

ఫజల్ అడిగాడు. "మీ బావ ఇప్పుడు గూడా వేటకు పోతాడా?"

లేదన్నాను. తుపాకి పేలిపోయింది, కుడి కన్ను పోయింది, ఎడమ చేతి రెండు వేళ్ళు పోయాయి, ఇప్పుడు మొక్కజొన్న చేలకు కావలి ఉంటాడని చెప్పాను. ఇరవై ఏళ్ళయింది. మందు మంచిది కాదు. ఖానాపూర్ బజారులో ఖమరుద్దీన్ అని ఉండేవాడు, పెళ్ళిళ్ళకు మందుగుండు చేసి అమ్మేవాడు, ఆయన దగ్గర కొన్నది. ఊరంతా అదే అన్నారు. ఆ తర్వాత ఆయన దగ్గర ఎవరూ కొనలేదు. దుకాణం మూసేశాడు.

మందు మంచిది కాదు. నేను కూడా అన్నాను.

10 నవంబర్, గురువారం

ఈ రోజు మజ్లిస్ శుభ్రం చేశాను. అర్బాబు నిజ్వా వెళ్ళాడు, ఫజల్ పికప్‌తో వెంట వెళ్ళాడు. తివాచీలు ఎండలో వేసి, గోడలు దులుపుతూ తుపాకి దగ్గరికి వచ్చాను. ముట్టుకోకూడదని తెలుసు. పరాయి దేశంవాడు తుపాకి పట్టుకుంటే ముందు జైలు, తర్వాత విమానం అని ఫజల్ మూడుసార్లు చెప్పాడు. అర్బాబు కూడా మొదటి రోజే వేలు చూపించి చెప్పాడు, ఇది తప్ప అన్నీ దులుపు అని. కానీ గజం దాని కిందే ఉంది. గజం తుపాకి కాదు కదా.

గొట్టం ఎంత లోతుందో చూద్దామని మాత్రమే అనుకున్నాను. మా బావ బర్మార్ కంటే జానెడు పొడుగుంటుందని నా అంచనా. తుపాకి దించి, గజం లోపలికి వదిలి, ఆగినచోట బొటనవేలు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూశాను. గజం కొస ఒత్తి రంధ్రం దాకా రావాలి. రాలేదు. నాలుగు వేళ్ళు తక్కువ వచ్చింది. మళ్ళీ చూశాను. నాలుగు వేళ్ళే.

తుపాకి ఉన్నట్టే తగిలించి తివాచీలు పరిచాను.

11 నవంబర్

ఇసుక పడి ఉంటుంది. లేకపోతే కందిరీగలు మట్టిగూడు పెట్టి ఉంటాయి. ఈ దేశంలో ఖాళీ గొట్టం కనిపిస్తే చాలు కందిరీగ గూడు పెడుతుంది, మా రూమ్ తాళంలో కూడా పెట్టింది.

12 నవంబర్

కందిరీగ మట్టి అయితే గజం తగిలినప్పుడు పొడిపొడిగా రాలుతుంది. అది మెత్తగా తగిలి గట్టిగా ఆగింది. నింపిన తుపాకిలో మందు, పీచు మీద గుండు కూర్చుంటే అలాగే ఆగుతుంది. నాకు ఆ చప్పుడు తెలుసు.

నాకెందుకు. అర్బాబు చూసుకుంటాడు. దట్టించేటప్పుడు ఆయన గజానికి తెలియదా?

14 నవంబర్

తెలియదు. కొత్త మందు, కొత్త పీచు పడ్డాక గజం ఎక్కడ ఆగినా ఆగినట్టే ఉంటుంది. లోపల ఖాళీ అని నమ్మినవాడు కొలవడు. పాత మందు, కొత్త మందు ఒకేసారి అంటుకుంటే గొట్టమే పేలుతుంది.

అర్బాబు చెట్టు కింద చాప వేసి నిజ్వా నుంచి తెచ్చిన మందు ఆరబెడుతున్నాడు. చిన్న పిల్లాడిలా ఉన్నాడు. దాటి వెళ్తుంటే పిలిచి, ఇత్తడి గొట్టంతో ఒక కొలత పోసి చూపించాడు. ఇంత చాలా? చాలు అన్నాను. మరికాస్త పోశాడు. దూరం కదా అన్నాడు. నేను పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాను.

అన్నం తినలేదు. పప్పు బాగాలేదని ఫజల్‌తో అన్నాను. పప్పు వాడే చేశాడు, అలిగాడు.

15 నవంబర్

ఫజల్‌ను అడిగాను. ఊరికే అడిగినట్టు అడిగాను. ఒకవేళ ఎవడైనా తెలియక అర్బాబు తుపాకి ముట్టుకున్నాడనుకో, ఏమవుతుంది?

వాడు గంటె కింద పెట్టి నా వైపు చూశాడు. "ముట్టుకున్యావా?"

"లే. ఊకనే అడుగుతున్న."

"నీ మొగం జూచ్చాంటే ఊరికే అడిగినట్ల్యాదు. ఇను భీమన్నా. నీ పాస్‌పోర్టు ఆయప్ప పెట్టెలో ఉండాది. నీ బతాకా కార్డు మీద ఆయప్ప సంతకం ఉండాది. ఒక్క మాట పోలీసులకు జెప్తే నువ్వు మీ ఊర్లో ఉంటావు. నీ వేళ్ళు ఊరుకోవు గదా, జేబుల్లో పెట్టుకో."

పెట్టుకున్నాను. నిజంగానే జేబుల్లో పెట్టుకుని పడుకున్నాను.

17 నవంబర్, గురువారం

రేపే. దొడ్డి వెనక రాళ్ళ గుట్ట మీద అర్బాబు కూర్చునే చోటు కూడా చూసుకున్నాడు. ఒత్తిని సూరేకారం నీళ్ళలో నానబెట్టి ఆరేశాడు. నన్ను కూడా రమ్మన్నాడు, సంచి మోయడానికి. నవ్వుతూ అన్నాడు, నీకు అలవాటే కదా అని.

తొమ్మిదోది కోడి ఈక.

ఎప్పుడూ గుర్తుంది. మొదటి రోజు వేళ్ళ మీద లెక్కపెట్టినప్పుడు కూడా గుర్తుంది.

మా బావ తుపాకి నింపగానే గొట్టం మూతిలో ఎర్ర కోడి ఈక ఒకటి గుచ్చేవాడు. ఈక ఉంటే నిండినట్టు, లేకపోతే ఖాళీ. ఇంట్లో ఎవరు చూసినా తెలుస్తుంది, అక్క ఊడ్చేటప్పుడు కూడా తెలుస్తుంది. పేల్చే ముందు ఈక తీసి చెవి వెనక పెట్టుకునేవాడు. నింపినవాడే ఈక పెట్టాలి. అది ఆయన లెక్క.

నాకు పంతొమ్మిదేళ్ళు. మొక్కజొన్న చేనులో పందులు పడుతున్నాయి. ఒక్కసారి నేనే పేల్చి చూడాలని ఉండేది, భుజం ఎంత తంతుందో, మంట ఎంత దూరం వస్తుందో తెలుసుకోవాలని. బావ స్నానానికి వెళ్ళినప్పుడు తుపాకి దించి నింపాను. ఒక కొలత మందు, పీచు, గుండు. ఇంతలో బావ దగ్గాడు. తుపాకి మళ్ళీ మేకుకు తగిలించాను. ఈక పెట్టలేదు. పెడితే నేను ముట్టుకున్నానని తెలిసిపోతుంది. వీలు చూసుకుని గుండు తీసేద్దాంలే అనుకున్నాను.

మర్నాడు చేను గట్టు మీద బావ గొట్టం మూతి చూశాడు. ఈక లేదు. మందు పోశాడు. పీచు పెట్టాడు. గుండు వేసి దట్టించాడు. ఈక గుచ్చాడు. పందుల చప్పుడు కాగానే ఈక తీసి చెవి వెనక పెట్టుకున్నాడు. నేను సంచి పట్టుకుని రెండడుగుల వెనక ఉన్నాను. చెప్పడానికి చాలా టైము ఉంది. టోపీ పెట్టేదాకా టైము ఉంది. ఇప్పుడు చెబితే తిడతాడు, ఏమీ కాదులే అనుకున్నాను. గట్టు మీద ఒక ఉడుత ఉంది, దాన్ని చూస్తూ నిలబడ్డాను.

మందు మంచిదే.

18 నవంబర్, శుక్రవారం

తెల్లవారుతుండగా రమ్మన్నారు. నేను వెళ్ళేసరికి అర్బాబు మజ్లిస్ గుమ్మంలో తుపాకి నిలబెట్టి, కొమ్ము మూత తీస్తున్నాడు. నడుముకు ఖంజర్ బాకు, నెత్తికి కొత్త ముస్సార్ తలపాగా. పినతండ్రి కొడుకు కూడా వచ్చి గోడకు ఆనుకుని చూస్తున్నాడు. అదొక్కటే తక్కువైంది నాకు.

"ఫజల్, చెప్పు. లోపల ముందే మందున్నది, పొయ్యద్దని చెప్పు."

ఫజల్ తెల్లబోయాడు. "నీకెట్ల తెలుచ్చు అని అడుగుతాడు. నేను జెప్పను పో. నన్నిండ్లేకి లాగొద్దు."

అర్బాబు కొలత గొట్టం నింపాడు. చెయ్యి ఎత్తాడు. నేను వెళ్ళి గొట్టం మూతి మీద అరచెయ్యి పెట్టాను. మందు నా చేతి మీద పడింది, కొంత గడప మీద పడింది. ఆయన నన్ను చూసిన చూపు ఈ ఆరేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. నా దగ్గరున్న అరబ్బీ అంతా కలిపి నాలుగు ముక్కలు. లోపల బారూద్ ఉంది అన్నాను. పాతది. ఎవరు చూశారు అని అడిగాడు.

"అనా" అన్నాను. నేను.

అర్బాబు నా చెయ్యి పక్కకు తోసి, గజం తీసి తనే లోపలికి వదిలాడు. బయటికి తీసి గొట్టం పక్కన ఆనించాడు. రెండోసారి కొలిచాడు. తర్వాత గడప మీద కూర్చుండిపోయాడు.

అప్పుడు తెలిసింది ఆ ఇనుప ముక్క దేనికో. నాకే తట్టింది, ఆ పరిస్థితిలో కూడా తట్టింది, నా బుద్ధిని ఏమనాలి! సంచిలోంచి తీసి గజం కొసకు బిగించి చూపించాను. మర సరిగ్గా కూర్చుంది. ముందు గొట్టంలోకి నీళ్ళు పోయమన్నాను. మందు తడిసి చచ్చేదాకా ఆగాం. అర్బాబు గజం దించి తిప్పి లాగాడు. నీలం గుడ్డ పేలిక ఒకటి మెలికల్లో చిక్కుకుని వచ్చింది. గొట్టం బోర్లిస్తే బూడిదరంగు గుండు గడప మీద పడి దొర్లింది, దాని వెనకే పీచు ఉండ, నల్లటి బురద.

అర్బాబు గుడ్డ పేలికను వేళ్ళ మధ్య సాగదీసి చూశాడు. తర్వాత ఏదో అన్నాడు, ఫజల్ నాకు చెప్పాడు.

"వాళ్ళ నాయనదంట. జరమొచ్చి కొండ మీది నుంచి దిగొచ్చి, దీన్ని గోడకు తగిలిచ్చినాడంట. మూడు దినాలకు సచ్చిపోయినాడంట. నలభై ఏండ్లు. నలభై ఏండ్లు దీని కిందనే కూచ్చోని కహ్వా తాగినామంటాండాడు."

పినతండ్రి కొడుకు నవ్వలేదు. ఆయన ఎప్పుడూ కూర్చునే చోటు సరిగ్గా దాని కిందే.

తర్వాత అర్బాబు లేచి, నా వైపు చూడకుండా ఒక మాట అన్నాడు. అది ఫజల్ చెప్పకపోయినా తెలిసింది. రూమ్‌కు వెళ్ళు. మజ్లిస్‌లోకి ఇక రావద్దు.

19 నవంబర్

తోట పని చేశాను. ఎవరూ పిలవలేదు.

20 నవంబర్

పెట్టె సర్దుకున్నాను. అక్కకు కొన్న చీర పైన పెట్టాను. పాస్‌పోర్టు ఇస్తాడో, పోలీసుల చేతికే ఇస్తాడో. ఫజల్ మాట్లాడడం లేదు కానీ పప్పులో నెయ్యి వేస్తున్నాడు.

భయంగానే ఉంది. కానీ రాత్రి చేతులు జేబుల్లో పెట్టుకోకుండా నిద్రపోయాను.

22 నవంబర్

నీళ్ళు మళ్ళిస్తుంటే అర్బాబు కాలువ గట్టు మీద వచ్చి నిలబడ్డాడు. ఫజల్‌ను వెంట తెచ్చుకున్నాడు. కాసేపు నీళ్ళను చూశాడు.

"ముట్టద్దన్న వస్తువు ముట్టినావు. అది తప్పే" అని ఫజల్ నోటితో అన్నాడు. "జెప్పకుండా ఉండింటే నాకు తెల్సేది గాదు. ఎందుకు జెప్పినావు?"

ఈ బహ్లా ముసలాయన కడప యాసలో నన్ను నిలదీస్తుంటే ఇంకెప్పుడైనా అయితే నవ్వొచ్చేది. నేను ఫజల్‌కు అంతా చెప్పాను. ఈక సంగతి, బావ కన్ను, ఉడుత, ఖమరుద్దీన్. మధ్యలో ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఫజల్ ఒక్కో మాటా అరబ్బీలో చెప్పాడు. అర్బాబు పూర్తిగా విన్నాడు. నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు.

ఏ కోడి ఈక అని అడిగాడు.

ఎర్రది, తోక ఈక, గట్టిగా ఉంటుంది అన్నాను. ఆయన తోటలోకి నడిచి వెళ్ళాడు. కోళ్ళ గూడు దగ్గర పెద్ద గోల. అరవై కోళ్ళలో ఒక్క పుంజును పట్టడానికి డెబ్భై ఏళ్ళ మనిషి దిష్‌దాషా అంగీ మోకాళ్ళ పైకి ఎత్తుకుని పరుగెత్తుతుంటే ఫజల్, నేను కూడా వెంటపడ్డాం.

మజ్లిస్ సంగతి మాట్లాడలేదు. పెట్టె మాత్రం విప్పేశాను.

25 నవంబర్, శుక్రవారం

తుపాకి పేలింది. పొద్దున ఆరింటికి. నాలుగు రోజులు గొట్టం కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి, ఒక కొలత, ఒకే ఒక్క కొలత పోశారు. తోడేలు వచ్చింది, అర్బాబు ఈక తీసి చెవి వెనక పెట్టుకున్నాడు. ఆ పని చెయ్యమని ఎవరూ అనలేదు. ఒత్తి దిగింది. కొండ కొండంతా మోగింది. తోడేలుకు ఏమీ కాలేదు, గుండు దాని పక్క రాయికి తగిలింది. అది రాయిని, మమ్మల్ని ఒకసారి చూసి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చేలా లేదు.

అర్బాబు ముఖమంతా పొగ. రెండు కళ్ళూ ఉన్నాయి. నేను వాటినే చూస్తున్నాను.

27 నవంబర్

పక్క సైట్‌లో పనిచేసే జితేందర్ రేపు నెల సెలవు మీద ఖానాపూర్ వెళ్తున్నాడు. బావకు చదువు రాదు కాబట్టి క్యాసెట్ రికార్డు చేసి పంపుతున్నాను. మూడుసార్లు చెరిపాను. మొదటిసారి తుపాకి గురించి, అర్బాబు సంచి గురించి ఇరవై నిమిషాలు చెప్పి అసలు సంగతి చెప్పలేదు. రెండోసారీ అంతే. చివరికి మొదట అదే చెప్పాను. బావా, ఆ దినం ముందుగాల మందు పోసింది నేనే, ఈక పెట్టలే. తర్వాత మిగతాదంతా చెప్పాను.

క్యాసెట్ మీద "బావ ఒక్కడే వినాలె" అని రాశాను. రాసింది చదివి పెట్టాల్సింది అక్కే.

30 డిసెంబర్, శుక్రవారం

జితేందర్ తిరిగొచ్చాడు. ఊరగాయ, సకినాలు, క్యాసెట్. ఫజల్ టేప్ రికార్డర్ ఇచ్చి, అడగకుండానే బయటికి వెళ్ళాడు.

బావ గొంతు. మొదట దగ్గు, ఆ తర్వాత నవ్వు.

"బామ్మర్దీ, మంచిగున్నవా? మీ అక్క కోమటింటికి పోయింది, గందుకే ఇప్పుడు మాట్లాడుతున్న. నీ టేపు ఇన్న. గా అరబ్బు సేటు సంచి ముచ్చట మళ్ళ మళ్ళ ఇన్న. గజానికి బిగిచ్చే గా మెలికల ముక్క ఎట్లుంటదో బొమ్మ గీసి పంపు. గదొక్కటి నా దగ్గరుంటే..." ఇక్కడ కోడి అరుపు మాత్రం ఉంది.

"నాకు ఎర్కేరా. దవాఖానల నుంచి ఇంటికచ్చినంక కొమ్ము దులిపి మందు కొలిచిన. పది కొలతలు నింపి పెట్టిన, ఒక్కటి వోసిన. తొమ్మిదుండాలె. ఎనిమిదే ఉన్నయ్. మా ఇంట్ల తుపాకి ముట్టే దొంగ ఇంకెవడున్నడు? ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అని జూసిన. నువ్వు దుబాయ్ పోతనన్నవు, మస్కట్ పోతనన్నవు. పోయినవు. నేను గూడ అడగలే. అడిగితే మీ అక్క నీ మొగం జూడదు. నాకు కన్ను పోయింది, మీ అక్కకు తమ్ముడు పోవుడెందుకని ఊకున్న.

"గని ఒక్క మాట. ఖమరుద్దీన్ సాబ్ సచ్చిపోయిండు, ఎనకట్నే. పానం ఉన్నన్ని దినాలు నేను ఎదురువడితే తల దించుకునేటోడు. తప్పు ఆయనది గాదని తెల్సి గూడ నేను నోరు తెరవలే. గదే నాకు కన్ను కంటె ఎక్కువ గుచ్చుతది. ఆయన బిడ్డ గౌహర్ ఉన్నది, బజార్ల గాజుల దుకాణం వెట్టింది. మందు మంచిదేనని ఆమెకు చెప్పాలె. నాకు ధైర్యం జాలలే. ఇద్దరం గలిసి పోదం. నువ్వు రా."

అప్పుడు తలుపు చప్పుడు, ఆ వెంటనే అక్క గొంతు. "ఎవలతోటి మాట్లాడుతున్నవు? తమ్ముని టేపా? నన్ను గూడ మాట్లాడనీయరాదు? ఏం జెప్పిండు వాడు?"

"ఏం లేదు లస్మీ, వేట ముచ్చట" అన్నాడు బావ. టేపు అక్కడితో ఆగింది.

మళ్ళీ తిప్పి విన్నాను. అక్క అడిగిన దగ్గర మూడుసార్లు విన్నాను.

31 డిసెంబర్

అర్బాబును సెలవు అడిగాను. ఎందుకని అడిగితే టేపులో ఉన్నదంతా చెప్పాను. మజ్లిస్‌లోకి రమ్మన్నాడు. నలభై రోజుల తర్వాత గడప దాటాను. తుపాకి గోడ మీదే ఉంది, మూతిలో ఈక లేదు. పెట్టె తెరిచి పాస్‌పోర్టు ఇచ్చాడు, దాంతో పాటు ఆ మెలికల ఇనుప ముక్క కూడా నా చేతిలో పెట్టాడు. మీ బావకివ్వు, బొమ్మ గీయడం నీకు రాదు అన్నాడు. ఫజల్ ఆ మాట ఎంత సంతోషంగా తెలుగులో చెప్పాడో!

టికెట్ జనవరి తొమ్మిదికి. బావను బస్టాండుకు రమ్మని కబురు పెడతాను. అక్కడి నుంచి ముందు గాజుల దుకాణానికి వెళ్ళాలి. తర్వాత ఇంటికి వెళ్ళి, చెప్పులు విప్పకముందే అక్కకు చెప్పాలి.